రాత్రి ఊపిరి పీల్చే మొక్క
అనాస కుటుంబపు మొక్కలను అర్థం చేసుకొని ఇంట పెంచుకొనే విధము



ఈమధ్య నర్సరీకి వెళ్ళినవారు ఒక మొక్కను చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఆకులన్నీ ఒకే మొదలు నుండి గిన్నెలాగా విచ్చుకొని ఉంటాయి. నడుమ ఎర్రగానో పసుపుపచ్చగానో ఒక పూగుత్తి నిలబడి ఉంటుంది. రెండు మూడు నెలలు గడిచినా ఆ రంగు వాడదు. నర్సరీవారు దీనిని బ్రోమీలియాడ్ అంటారు, గజ్మేనియా అని కూడా అంటారు. గోదావరి జిల్లా కడియం నుండి మొక్కలు తెప్పించి అమ్మే ప్రతివారి దగ్గరా ఇంచుమించు ఇది కనబడుతుంది. ధర మాత్రం గులాబీ మొక్కకు నాలుగైదు రెట్లు.

తెచ్చిన తరువాత కథ సాధారణంగా ఒకే విధంగా నడుస్తుంది. అమ్మగారు రోజూ పొద్దున, సాయంత్రం చెంబెడు నీళ్ళు మొదట్లో పోస్తారు. కాస్త పశువుల ఎరువు వేస్తారు. ఎండ తగలాలని డాబా మీద పడమటి గోడ పక్కన పెడతారు. కొన్ని వారాలకు నడిమి ఆకు పట్టి లాగితే ఊడి చేతికి వస్తుంది, వాసన చూస్తే కుళ్ళు కంపు. లేదా ఏ కుళ్ళూ లేకుండా చక్కగా ఉండి, పువ్వు పూర్తయ్యాక మెల్లగా ఎండిపోతుంది. "అయ్యగారూ, మా చేతి వాసి మంచిది కాదేమో" అంటారు. చేతి వాసి సంగతి పక్కన పెడదాం. ఈ మొక్క తినే వేళ వేరు, తాగే చోటు వేరు. ఆ రెండూ తెలిస్తే దీనిని పెంచడం తులసి మొక్కను పెంచడం కంటే సులువు.

మొదట దీని చుట్టరికం చూద్దాం. ఈ కుటుంబంలో మనకు పుట్టినప్పటి నుండీ తెలిసిన మొక్క ఒకటుంది. అదే అనాస, పైనాపిల్. అనాస పండు తలమీది పిలకను ఈసారి కోసి పారేయకుండా ఒకసారి పరిశీలించి చూడండి. ఆకులు ఒకదాని మీద ఒకటి గిన్నెలాగా అమరిన తీరు నర్సరీ మొక్కలో ఉన్నదే. ఈ కుటుంబంలో మూడువేలకు పైగా జాతులున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఒకే ఒక్క జాతి తప్ప తక్కినవన్నీ అమెరికా ఖండాలకు చెందినవే. స్వీడన్ దేశపు వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ఓలోఫ్ బ్రొమేలియస్ పేరు మీద, షార్ల్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి వీటిలో ఒకదానికి బ్రొమేలియా అని పేరు పెట్టాడు. ఆ పేరే తరువాత కుటుంబమంతటికీ వచ్చింది.

1493లో కొలంబస్ తన రెండవ ప్రయాణంలో గ్వాడెలూప్ దీవిలో అనాసను చూశాడు. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు దానిని మన దేశానికి తెచ్చారు. దక్షిణ అమెరికాలోని తుపీ అనే ఆదివాసుల భాషలో దాని పేరు 'ననాస్'. పోర్చుగీసువారి నోట అది 'అననాస్' అయింది, మన నోట 'అనాస' అయింది. మిరపకాయ, జామ, సీతాఫలం కూడా అదే సముద్రం దాటి వచ్చినవే, ఇప్పుడు అవి లేని ఊరు లేదు. అనాస మాత్రం మన తెలంగాణ పల్లెల్లో ఇంకా చుట్టం లాగానే ఉండిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. దానికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. పైసా ఖర్చు లేదు.

మన పెరళ్ళలో రణపాల ఉంటుంది కదా! ఆకు తెంపి నేలమీద పడేస్తే ఆకు అంచున పిల్లలు మొలుస్తాయి, ఆ మొక్క. తెల్లవారుజామున, ఎండ రాక ముందు, దాని ఆకులో గోరంత ముక్క తుంచి నాలుక మీద పెట్టి చూడండి. చుక్కకూర లాగా పులుపు జివ్వుమంటుంది. ఆ ముక్కను మింగకుండా ఉమ్మివేయండి. మళ్ళీ మధ్యాహ్నం పన్నెండింటికి అదే మొక్క నుండి ఇంకో ముక్క చూడండి. పులుపు ఉండదు, చప్పగా ఉంటుంది. సాయంత్రానికి కొంచెం చేదు తగులుతుంది. (ఒక హెచ్చరిక: రణపాలలో, ముఖ్యంగా పువ్వుల్లో, గుండెకు హాని చేసే పదార్థం ఉంది. పశువులు ఎక్కువగా తింటే ప్రాణాపాయం. రుచి చూడడం వరకే గాని పిల్లలకు ఆటవస్తువు చేయవద్దు.)

ఈ సంగతిని లోకానికి మొదట రాసి తెలియజేసినవాడు మన ఆంధ్రదేశంలో పనిచేసిన ఒక మిషనరీ అంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. ఆయన పేరు బెంజమిన్ హైనె. జర్మనీలోని సాక్సనీ ప్రాంతం వాడు, మొరేవియన్ సహోదరుల సంఘానికి చెందినవాడు. తరంగంబాడిలో ఆ సంఘంవారి పని కోసం వచ్చాడు. వైద్యం, వృక్షశాస్త్రం రెండూ ఎరిగినవాడు. ఆ రోజుల్లో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోట ఒకటుండేది, మిరియాలు, దాల్చిన చెక్క పండించాలని పెట్టినది. దానిని నడిపిస్తున్న విలియం రాక్స్‌బర్గ్ దొర 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళిపోగా, ఆ తోట పని హైనె చేతికి వచ్చింది. తరువాత ఆయన మైసూరు సర్వేలో కర్నల్ మెకంజీతో కలిసి తిరిగాడు, బెంగుళూరు లాల్‌బాగ్ బాధ్యతా చూశాడు.

ఈ హైనె మన దేశంలో ఉండగా రణపాల ఆకు రుచి పొద్దుటి నుండి సాయంత్రానికి మారిపోవడం గమనించాడు. 1813లో లండన్‌లో ఉన్నప్పుడు లాంబర్ట్ అనే శాస్త్రజ్ఞునికి ఈ సంగతి ఉత్తరంగా రాశాడు. లిన్నేయన్ సొసైటీవారు దానిని 1815లో తమ సంపుటంలో ప్రచురించారు. పొద్దున చుక్కకూర జాతి ఆకంత పులుపు, మధ్యాహ్నానికి రుచి లేకపోవడం, సాయంత్రానికి చేదు. మనం నాలుకతో చూసినదే ఆయనా రాశాడు. 1819లో మద్రాసులో చనిపోయాడు. కారణం ఏమిటో పూర్తిగా తేలడానికి మాత్రం ఇంకా నూటయాభై ఏళ్ళకు దగ్గరగా పట్టింది. గొప్ప యంత్రాలేమీ లేకుండా కేవలం నాలుకతో కనిపెట్టిన ఈ సంగతి ఇప్పుడు ప్రపంచమంతటా కళాశాలల్లో పాఠంగా ఉన్నది.

ఆ కారణం ఏమిటంటే: మొక్కల ఆకులకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటి గుండా కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోతుంది. ఎండ బలంతో, నీటితో కలిపి ఆకు దానిని చక్కెరగా మార్చుకుంటుంది. వరి, వేరుశెనగ, మామిడి అన్నీ ఈ రంధ్రాలను పగలే తెరుస్తాయి. అయితే ఎండలో తలుపులు బార్లా తీస్తే ఏమవుతుంది? గాలి లోపలికి వచ్చినట్లే లోపలి తడి ఆవిరై బయటికి పోతుంది. వరి వంటి మొక్క ఒక కిలో ఎండు బరువు పెరగడానికి 400 కిలోలకు మించి నీళ్ళు ఇలా వదులుకుంటుంది.

రణపాల, అనాస ఇందుకు వేరు మార్గం పట్టాయి. అవి పగలంతా ఇంచుమించు తలుపులు మూసుకొని ఉంటాయి. చీకటి పడి చల్లబడ్డాక తెరుస్తాయి. అయితే రాత్రి ఎండ లేదు గనుక వంట చేయలేవు. లోపలికి వచ్చిన గాలిని మాలిక్ ఆమ్లం అనే పుల్లని పదార్థంగా మార్చి ఆకులో దాచుకుంటాయి. పుల్లని ఆపిల్ పండులో ఉండే పులుపు కూడా అదే. తెల్లవారగానే తలుపులు మూసి, దాచిన పులుపును విడగొట్టి, అందులో నుండి వచ్చిన గాలితో పగటి వెలుగులో చక్కెర చేసుకుంటాయి. ఆకులో పులుపు పొద్దున నిండుగా ఉండి మధ్యాహ్నానికి ఖాళీ కావడానికి కారణం ఇదే. రాత్రి సరుకు తెచ్చుకొని పగలు వంట చేసే ఇల్లు అనుకోండి. ఇలా చేయడంవల్ల కిలో ఎండు బరువుకు 50 నుండి 100 కిలోల నీళ్ళతోనే సరిపెట్టుకుంటాయి.

మన పల్లెల్లో కలబంద, నాగజెముడు, కిత్తనార, పచ్చడి చేసుకొనే నల్లేరు, ఈమధ్య కొందరు రైతులు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్, ఇవన్నీ ఈ పద్ధతివే. ఎవరూ నీళ్ళు పోయకపోయినా కంచెల మీద నల్లేరు ఎలా బతుకుతుందని చిన్నప్పుడు అనుకొనేవాళ్ళం కదా!

ఇప్పుడు డాబా మీది పడమటి గోడ దగ్గరకు తిరిగి వెళ్దాం. రాత్రి ఊపిరి పీల్చే మొక్కకు పగటి ఎండ కంటే రాత్రి చల్లదనం ముఖ్యం. అనాసకు పగలు 30, రాత్రి 20 డిగ్రీల దగ్గర ఉంటే మహా ఇష్టం. మన వరంగల్‌లో మే నెల పగలు 43, 44 డిగ్రీలకు పోతుంది. కొన్ని రాత్రులు 30 దగ్గరే ఆగిపోతుంది. దానికి తోడు, పగలంతా ఎండ తాగిన సిమెంటు గోడ, డాబా బండ రాత్రి పది, పదకొండింటి వరకు వేడిని కక్కుతూనే ఉంటాయి. అంత వేడిలో మొక్క రంధ్రాలను సరిగా తెరవదు. ఊపిరి తీసుకోవలసిన వేళ గదిలో పొగ పెట్టినట్లుంటుంది దాని పని. పగలు ఎండ తగిలినా ఆకు వెంటనే చావలేదే అని మనం అనుకుంటాము, రాత్రి పస్తు పడుకుంటున్న సంగతి మనకు తెలియదు.

గనుక ఈ మొక్కలకు ఇంట్లో మంచి చోటు తూర్పు వైపు. ఉదయం పది, పదకొండింటి దాకా ఎండ, తరువాత నీడ. కింద మట్టి నేల అయితే మరీ మంచిది. వేప నీడ, కొబ్బరి నీడ బాగుంటుంది, పల్చని నీడ గనుక. డాబా తప్ప వేరే చోటు లేనివారు కుండీని బండ మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి, గోడకు రెండు మూడు అడుగులు ఎడంగా ఉంచితే చాలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం చుట్టుపక్కల నేల తడపండి. మొక్క మీద కాదు, నేల మీద.

మొక్క మీద ఎందుకు వద్దంటున్నానో వివరిస్తాను. ఈ కుటుంబపు ఆకుల మీద బూడిద చల్లినట్లు తెల్లని పొడి కనబడుతుంది. అనాస ఆకు అడుగున చూడండి. అది దుమ్ము కాదు. కంటికి ఆనని చిన్న చిన్న పొలుసులు అవి. తడి తగలగానే స్పంజిలాగా పీల్చుకొని ఆకు లోపలికి పంపుతాయి. చెట్ల కొమ్మల మీద, బండల మీద మట్టి అన్నదే లేకుండా బతికే జాతులు వీటిలో ఎన్నో ఉన్నాయి. వాటికి వేళ్ళు కొమ్మను పట్టుకొని ఉండడానికే. నీళ్ళూ ఎరువూ అన్నీ ఆకు మీది పొలుసుల ద్వారానే. నర్సరీల్లో దారానికి కట్టి అమ్మే 'ఎయిర్ ప్లాంట్' ఇటువంటిదే. ఆ బూడిదరంగు మొక్కను సాయంత్రం తడిపితే పొలుసులు నీటితో నిండి రంధ్రాలను మూసేస్తాయి. రాత్రంతా ఊపిరి ఆడదు. పైగా నడుమ నీరు నిలిచి కుళ్ళుతుంది. అందుచేత వాటిని పొద్దుననే నీళ్ళలో ముంచి తీసి, తలకిందులుగా విదిలించి, గాలి తగిలేలా వేలాడదీయాలి. సాయంత్రానికి ఒంటిమీద తడి ఉండకూడదు.

గిన్నె ఆకారపు మొక్కల సంగతి కొంచెం వేరు. వాటి గిన్నెయే వాటి కుండ. అడవిలో వానకు నిండుతుంది, ఆకులు అలములు రాలి అందులో కుళ్ళి ఎరువవుతాయి, కప్పలు కూడా కాపురముంటాయి. మనం నీళ్ళు పోయవలసినది ఆ గిన్నెలో. మొదట్లో కాదు. మట్టి పైన అంగుళం ఎండిన తరువాతే కాస్త తడిపితే చాలు. అన్ని మొక్కలకూ మొదట్లో నీళ్ళు పోయడం మన అలవాటు. ఈ ఒక్కదానికి ఆ అలవాటే మృత్యువు. బరువైన నల్లరేగడి మట్టి, పచ్చి పేడ, అడుగున రంధ్రం లేని అందమైన పింగాణీ కుండీ, ఈ మూడూ కలిస్తే ఇంక చెప్పనక్కరలేదు. మన ఎర్రచెల్క మట్టి ఒక వంతు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక వంతు, కొబ్బరి పీచు లేక బొగ్గు ముక్కలు ఒక వంతు కలిపితే నీరు నిలవదు, గాలి ఆడుతుంది.

నీళ్ళ విషయంలో ఇంకొక మాట. గిన్నెలో నీరు ఆవిరైపోయిన కొద్దీ అందులోని ఉప్పు, సున్నం మాత్రం అక్కడే మిగిలిపోతాయి. బోరు నీళ్ళు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టే ఇళ్ళలో ఈ మొక్క ఆకు కొసలు మాడిపోవడం చూడవచ్చు. వాన నీరు పట్టి ఉంచుకొన్నవారికి ఆ బాధ లేదు. రాగి కలిసిన మందులు దీనికి విషం. మైలుతుత్తం, బోర్డో మిశ్రమం దీని దగ్గరకు తేవద్దు. పక్కన ఉన్న నిమ్మచెట్టుకు చల్లినా దీనిని దూరంగా జరిపి చల్లండి.

రాగి మాట ఊరికే అనలేదు. వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో కోకో తోటల్లో నీడ కోసం పెంచిన పెద్ద చెట్ల మీద ఈ గిన్నె మొక్కలు వేల సంఖ్యలో అల్లుకొని ఉండేవి. వాటి గిన్నెల్లో మలేరియా దోమ పిల్లలు పెట్టేది. కాలువలు పూడ్చి, గుంటలు ఎండగట్టినా అక్కడ జ్వరాలు తగ్గలేదు, దోమ నేలమీద లేదు, చెట్టు మీద ఉంది గనుక! 1940లలో అక్కడివారు తోటల మీద మైలుతుత్తం నీళ్ళు చల్లి ఆ మొక్కలను చంపి మలేరియాను అదుపు చేశారు. చెట్టుకు హాని లేదు, గిన్నె మొక్క చచ్చింది.

ఇది మన ఇంటికి సంబంధించిన సంగతి. మన దగ్గర డెంగీ దోమ శుభ్రమైన నిలువ నీటిలోనే గుడ్లు పెడుతుంది, పగలు కుడుతుంది. గుడ్డు నుండి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు. వరండాలో మనం ముచ్చటగా పెట్టుకొన్న మొక్క గిన్నె దానికి చక్కని ఉయ్యాల. వానాకాలంలో జ్వరంతో పిల్లవానికి ప్లేట్‌లెట్లు పడిపోయి ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మంచం పట్టిన ఇళ్ళవారికి ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు. వారానికి ఒక దినం నిలువ నీటిని పారబోయండి అని ఆరోగ్య శాఖవారు శుక్రవారం 'డ్రై డే' పెట్టారు కదా, ఆ రోజే కుండీని పక్కకు వంచి గిన్నెలోని పాత నీళ్ళు పూర్తిగా ఒంపి, కొత్త నీళ్ళతో కడిగినట్లు పోయాలి. దానివలన ఉప్పు పేరుకోదు, కుళ్ళు వాసన రాదు, దోమ పిల్లలు పోతాయి. కొందరు గిన్నెలో కిరసనాయిలు చుక్క వేస్తున్నారు. అది పొలుసులకు పూత పూసినట్లై మొక్కను చంపుతుంది. వంచి పారబోయడమే మందు. అంత తీరిక లేనివారు వానాకాలం నాలుగు నెలలు గిన్నెను ఖాళీగా ఉంచి, మట్టికే కొంచెం తడి ఇస్తే మొక్క బతుకుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే అదే చేయమంటాను.

నర్సరీలో ఏ మొక్క కొనాలి అన్నదానికి ఇప్పుడు మీరే జవాబు చెప్పగలరు. ఈ కుటుంబంలో అన్నీ రాత్రి ఊపిరి పీల్చేవి కావు. పరీక్షించిన జాతుల్లో సగానికి కొంచెం తక్కువే ఆ పద్ధతివి, తక్కినవి వరి లాగానే పగలు పీల్చేవి. చేతితో తాకి చూడండి. ఆకు మందంగా, బిరుసుగా, అంచున ముళ్ళతో, మీద బూడిద పూతతో ఉంటే అది చాలా వరకు రాత్రి మొక్క. మన ఎండలకు తట్టుకుంటుంది, వెలుతురు కావాలి. ఎక్మియా, బిల్‌బెర్జియా, నియోరెజీలియా అనే పేర్లతో అమ్మేవి ఈ రకం. ఆకు పల్చగా, మెత్తగా, నున్నగా, ముళ్ళు లేకుండా ముదురు పచ్చగా ఉంటే అది తేమ అడవి నీడలో పెరిగిన మొక్క. నర్సరీవారు ఎక్కువగా అమ్మే గజ్మేనియా అదే. మన మే నెల వడగాలికి అది నిలవడం కష్టం. ఇంటి లోపల, కిటికీ వెలుతురులో పెట్టుకోగలిగితేనే తీసుకోండి. అందం చూసి కాక ఆకు చూసి కొంటే డబ్బు దండగ కాదు.

పువ్వు పూసి చనిపోయిందన్న ఫిర్యాదు మిగిలింది. అరటి చెట్టు గెల వేసిన తరువాత ఏమవుతుంది? తల్లి పోతుంది, పక్కన పిలకలు లేస్తాయి. ఇదీ అంతే. ఒక గిన్నె ఒకేసారి పూస్తుంది. పూసిన తరువాత నెలల తరబడి మెల్లగా వాడుతూ మొదట్లో పిలకలకు తన బలమంతా ఇస్తుంది. ఆ సమయంలో 'చచ్చిపోయింది' అని పెరికి పారేసేవారే ఎక్కువ. తొందరపడవద్దు. పిలక తల్లి ఎత్తులో మూడో వంతు దాటాక, తొలకరి వానలకు, మొదలు దగ్గర కత్తితో కోసి వేరే కుండీలో పెట్టండి. ఒక మొక్క రెండు మూడు అవుతుంది.

ఇక పండు సంగతి. తెలుగునాట అనాసకు పేరుపొందిన చోటు సీతంపేట ఏజెన్సీ. శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. అక్కడ సవరలు, జాతాపులు కొండ వాలుల మీద అనాస వేస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఎవరి భాషకు వ్యాకరణం రాశారో ఆ సవరలే. వాలు నేల గనుక ఎంత వాన పడినా నీరు నిలవదు. చెట్ల పల్చని నీడ ఉంటుంది. కొండగాలికి రాత్రులు చల్లబడతాయి. ఈ మొక్కకు కావలసినవన్నీ అక్కడ ఒక్కచోటే ఉన్నాయి.

అయినా పండించినవారికి మిగిలేది తక్కువే. దానికీ ఈ మొక్క స్వభావంలోనే కారణముంది. అనాస తనంతట తాను పూతకు వచ్చేది పొద్దు తక్కువై, రాత్రులు చల్లబడే చలికాలంలో. పూత నుండి పండు కావడానికి ఐదారు నెలలు. అందుచేత కొండ మీద మొక్కలన్నీ ఇంచుమించు ఒకేసారి, జూన్ నుండి ఆగస్టు లోపల పండుతాయి. సంతకు కావళ్ళ మీద మోసుకొచ్చిన పండును తిరిగి కొండెక్కించలేరు, నిలువ చేసే వసతి లేదు, వ్యాపారి చెప్పినదే ధర. అనాస కోసిన తరువాత మామిడిలాగా మాగి తియ్యబడే పండు కూడా కాదు. పైరంగు మారవచ్చు, తీపి మాత్రం పెరగదు. ముందే కోస్తే పులుపు, ఆలస్యం చేస్తే కుళ్ళు.

దీనికి ఒక మార్గం పొగలో దొరికింది. అరటి గెలలను గదిలో పెట్టి పొగవేసి మగ్గబెట్టడం మన పెద్దలు ఎరిగినదే. పందొమ్మిదవ శతాబ్దంలో పోర్చుగీసువారి అజోర్స్ దీవుల్లో అద్దాల ఇళ్ళలో అనాస పెంచేవారు. అక్కడ పొగ పట్టిన ఇళ్ళలో మొక్కలన్నీ ఒకేసారి పూతకు రావడం గమనించారు. ఆ పొగలో పనిచేసేది ఇథిలీన్ అనే వాయువని 1932లో పోర్టోరికోలో ఒక శాస్త్రజ్ఞుడు చూపించాడు. గెలను మగ్గబెట్టేదీ, అనాసను పూయించేదీ ఒకే వాయువు. ఇప్పుడు కేరళ వాళక్కుళం రైతులు ఆ వాయువును విడుదల చేసే ఇథెఫాన్ మందును వాడి, తోటలో కొంత భాగం ఒక నెల, కొంత భాగం ఇంకొక నెల పూయిస్తూ ఏడాది పొడుగునా పండు కోస్తున్నారు. మన మార్కెట్‌కు వేసవిలోనూ, చలికాలంలోనూ అనాస వచ్చేది అందువల్లనే. సీతంపేటలో కూడా కొంత భాగమైనా ఇలా వంతులవారీగా పూయిస్తే జూలై సంతలో పండ్లన్నీ ఒకేసారి గుట్టపడవు. ముప్పై ఐదు, నలభై ఆకులు వచ్చిన మొక్కకు, ఉద్యానశాఖవారు చెప్పిన మోతాదులో మాత్రమే ఈ మందు వాడాలి. ఇది రైతుకు తెలిసి చేయవలసిన పనే గాని దళారి చేతుల్లో పెట్టవలసినది కాదని నా అభిప్రాయం.

ఇంట్లో ఒకటి రెండు కుండీలకు ఏ మందూ అక్కరలేదు. మొక్కకు ఏడాదిన్నర దాటి, ఆకులు ముప్పైకి మించి ఉండీ పూత రాకపోతే, కుండీని నీడలోకి జరపండి. బాగా మగ్గిన ఆపిల్ పండు గాని రెండు అరటిపండ్లు గాని మొదట్లో పెట్టి, మొత్తం మొక్కను పెద్ద ప్లాస్టిక్ సంచితో కప్పి మూడు నాలుగు రోజులు ఉంచండి. పండు నుండి వచ్చే ఇథిలీనే చాలు. ఎండలో మాత్రం కప్పవద్దు, ఉడికిపోతుంది. రెండు నెలల లోపల నడుమ ఎర్రని మొగ్గ కనబడుతుంది. నూరుకు పైగా చిన్న ఊదారంగు పువ్వులు వరుసగా పూసి, అన్నీ ఒకదానితో ఒకటి అతుక్కొని ఒకే పండు అవుతాయి. పండు మీద మనం చూసే ఒక్కొక్క కన్ను ఒక్కొక్క పువ్వు.

పిలక నాటడం తేలిక. కొన్న పండు తలను పట్టి మెలితిప్పితే ఊడివస్తుంది. అడుగున అంటుకొన్న గుజ్జు తీసేయండి, లేకపోతే చీమలు పడతాయి. చీమలు వచ్చాయంటే వెంట పిండినల్లిని మోసుకొస్తాయి, దానితో మొక్క వాడు తెగులు వస్తుంది. కింది ఆకులు ఐదారు వరుసలు ఒలిచి, నీడలో మూడు నాలుగు రోజులు గాయం ఆరనిచ్చి, అప్పుడు నాటండి. పచ్చిగా నాటితేనే కుళ్ళేది. నడిమి గుంటలో మట్టి పడనీయవద్దు. పన్నెండు అంగుళాల కుండీ చాలు, వేళ్ళు లోతుకు పోవు. తలమీది పిలకకు పండు రావడానికి రెండేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. తల్లి మొదలు దగ్గర లేచిన పిలక దొరికితే ఏడాదిన్నర. క్యూ రకానికి ఆకు అంచున ముళ్ళు ఇంచుమించు ఉండవు, పండు పెద్దది. క్వీన్ రకానికి ముళ్ళు ఎక్కువ, పండు చిన్నది, వాసన ఎక్కువ. పిల్లలు తిరిగే ఇంటికి క్యూ మేలు.

మన జిల్లాలో ఏటా పడే వాన వెయ్యి మిల్లీమీటర్లకు దగ్గరగా ఉన్నా, చాలా వరకు నాలుగు నెలల్లోనే పడిపోతుంది గనుక వేసవిలో వారానికి రెండుసార్లు ఉదయం పూట నీళ్ళు పోయాలి. ఆకుల గుంటల్లో పోసినా తాగుతుంది, ఆ గుంటల్లో కూడా సన్నని వేళ్ళుంటాయి. పండు ఏప్రిల్, మేలో చేతికి వచ్చేలా ఉంటే పడమటి వైపు ఎండకు మాడి తెల్లబడుతుంది. దాని ఆకులనే పైకి మడిచి గోనె పురికొసతో వదులుగా కట్టండి, లేదా గడ్డి కప్పండి. పండు కింది కన్నులు పసుపు తిరిగి, దగ్గరకు వెళ్తే వాసన వచ్చినప్పుడు కోయవచ్చు. కోసే రోజు మధ్యాహ్నం తరువాత కోసి చూడండి, మరునాడు తెల్లవారుజామున కోసిన దానితో పోల్చుకోవచ్చు. పండులో పెద్ద తేడా ఉండదు గాని, అదే మొక్క ఆకు ముక్కను తెల్లవారి ఒకటి, సాయంత్రం ఒకటి కొరికితే మాత్రం రణపాల చెప్పిన సంగతే అనాస కూడా చెబుతుంది.